దిగిన ముల్లు

ముల్లు దిగింది కాబట్టి ఇంజన్ చల్లబడిందనుకున్నాను. అందుకే ఇంకాస్త గట్టిగా తొక్కాను. అశ్వారావుపేట దాటి జీలుగుమిల్లి వైపు వస్తున్నాం. రోహిణి కార్తె ఎండ. వెనక సీట్లో అమ్మ. ఖమ్మంలో చెల్లి ఇంట ఉండి కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని ఇంటికి వస్తోంది.

మాది పొగాకు వ్యవసాయం. జంగారెడ్డిగూడెం మెట్టలో వర్జీనియా వేసే ఇంట్లో పుట్టినవాడికి వేడి సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. బ్యారన్‌లోకి, అంటే ఆకు ఎండబెట్టే కొట్టంలోకి, ఆకు ఎక్కించాక మొదట 35 డిగ్రీల దగ్గర మంట నిలిపి పసుపు తిప్పుకోవాలి. అక్కణ్నుంచి మెల్లగా పెంచుకుంటూ పోయి, చివర్లో ఈనె ఎండడానికి 70 దాకా తీసుకెళ్లాలి. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, ఆలస్యమైతే రంగు చెడుతుంది. రాత్రిళ్లు లేచి వెళ్లి థర్మామీటర్ చూసి వచ్చే మనిషిని నేను. ఆ థర్మామీటర్‌ని కూడా ఎక్కడ వేలాడుతోందో చూసుకునే నమ్మాలి. తలుపు దగ్గర కట్టింది ఒకటి చెబుతుంది, ఆకు మధ్యన కట్టింది ఇంకోటి చెబుతుంది. మా నాన్న నాకు మొట్టమొదట నేర్పింది ఇదే. ఇంత తెలిసినవాణ్ని, కారులో కూర్చున్నాక ఆ ముల్లు దేని వేడి చూపిస్తోందని ఒక్కసారైనా అడగలేదు.

కారు మారుతి 800. కార్బ్యురేటర్ ఉన్న పాత మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. 1983లో మొదలై 2014లో ఆగిపోయిన బండి అయినా, విడి భాగాలకి మా ఊళ్లో ఇబ్బంది లేదు. మంచి బండి. దానికి నేను చేసిందే మంచి కాదు.

మొదటి సూచన గురవాయిగూడెంలో వచ్చింది. మంగళవారం మద్ది ఆంజనేయస్వామి గుడికి వెళ్లామంటే ఆ జనంలో బండి నడిచే మనిషికన్నా మెల్లగా కదులుతుంది. అక్కడ ముల్లు పైకి లేచేది. దర్శనం అయ్యి కొయ్యలగూడెం రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే దానంతటదే దిగిపోయేది. రోగమేదో బండి అప్పుడే చెప్పేసింది. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ గాలి ఉండదు, ఫ్యాను తిరగాలి. ఆగితే హీటెక్కి, పరిగెత్తితే చల్లబడుతోందంటే ముందు ఫ్యాను చూడాలి. ఇంతకన్నా తేలికగా చెప్పే రోగం కారులో ఇంకోటి లేదు. నేను బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడనైనా లేదు.

టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు, "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకండీ, పీకి పారేయండి" అని. పీకించాను. థర్మోస్టాట్ అనేది ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తలుపు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉంటుంది, నీళ్లు 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. అది తీసేస్తే ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు. చలికాలం పొద్దున్న ఇంజన్ ఆలస్యంగా వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నాకు మాత్రం ముల్లు కింద ఉండడం చాలు అనిపించింది. ఆ చలికాలమే నన్ను ఎక్కువ మోసం చేసింది. చల్లటి గాలికి బండి బాగుంటే, నేను చేసిన వైద్యం పనిచేసిందనుకున్నాను. ఫ్యాను అలాగే తిరగకుండా ఉంది.

ఎండలు ముదిరాక మళ్లీ మొదలైంది. మరిగిన నీళ్లు మూత దగ్గర తన్నుకుని పక్క డబ్బాలోకి పోవడం, అక్కడా పొంగి రోడ్డు మీద కారిపోవడం, నేను మళ్లీ పోయడం. పోసినవి బోరు నీళ్లు. మా మెట్టలో బోరు నీళ్లు కాగబెట్టిన గిన్నె అడుగున తెల్లటి చెక్కు ఎలా పేరుకుంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ చెక్కే రేడియేటర్ సన్నగొట్టాల్లో పేరుకుంటుందని నాకు తోచలేదు. కూలెంట్ అంటే రంగు కలిపిన నీళ్లని నా లెక్క. నిజానికి అది నీళ్ల మరుగు హద్దుని పెంచుతుంది. అంతకన్నా ముఖ్యం, పోతఇనుము బ్లాకునీ అల్యూమినియం హెడ్‌నీ తుప్పు తినకుండా కాపాడుతుంది. వట్టి నీళ్లు తాగిన ఇంజన్‌లో నుంచి చివరికి ఎర్రటి తుప్పు బురద వచ్చింది.

అలా ఒక ఫ్యాను రోగం రేడియేటర్ రోగంగా మారింది. అప్పటినుంచి బండి ఆగినప్పుడే కాదు, పరిగెత్తినప్పుడూ హీటెక్కడం మొదలుపెట్టింది. ఈ తేడా కూడా నేను పట్టుకోలేదు.

ఆ రోజు సత్తుపల్లి దాటాకే ముల్లు లేచింది. ఏసీ కట్టేసి అద్దాలు దించాను. అక్కడే ఏ చెట్టు కిందో ఆగాల్సింది. ఇల్లు ఇంకెంత దూరం అనుకున్నాను. అశ్వారావుపేట దాటాక ముల్లు ఒక్కసారిగా కిందికి జారింది. "హమ్మయ్య, దిగిందమ్మా" అని అమ్మకి చెప్పాను కూడా.

కింది హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలి, నీళ్లన్నీ పోయాయి. ముల్లుకి కబురు పంపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే వేడి తెలుస్తుంది. చుట్టూ నీళ్లు లేకపోతే దానికి తగిలేది గాలీ ఆవిరీ. లోహం కాలిపోతున్నా ముల్లు దిగిపోతుంది. లేచిన ముల్లుకన్నా, ఉన్నట్టుండి దిగిన ముల్లుకే ఎక్కువ భయపడాలి. కాసేపటికి ఇంజన్‌లో టకటకమని చప్పుడు, కాలిన వాసన, చివరికి శక్తి లేక బండి దానంతటదే ఆగిపోయింది.

పామాయిల్ తోట పక్కన దిగి, గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. వెనకాల ఆపిన లారీ డ్రైవరు పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "ముట్టుకోకండి బాబూ, మొహం కాలిపోద్ది" అన్నాడు. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్లే నీళ్లు 100 దగ్గర మరక్కుండా 118 దాకా ఆగుతాయి. మూత వదులు చేస్తే ఒత్తిడి పోయి, లోపల మిగిలింది ఏ కొంచెమైనా ఒక్క క్షణంలో ఆవిరై మీదికి ఎగజిమ్ముతుంది. నీళ్లు పోద్దామని సీసా తీస్తే అదీ వద్దన్నాడు. అంత కాలిన ఇనుము మీద చల్లనీళ్లు పడితే పగులుతుందన్నాడు. అమ్మని తన క్యాబిన్ నీడలో కూర్చోబెట్టి, జీలుగుమిల్లి వరకూ ఆయనే తీసుకొచ్చాడు. కొత్తగా ఆపరేషన్ అయిన కంటితో, ఆ దుమ్ములో, అంతెత్తు లారీ ఎక్కలేక అమ్మ నా భుజం పట్టుకున్న పట్టు నేను మర్చిపోలేను. కంటికి ఏమీ కాలేదు. అయ్యుంటే నేను ఎవరికీ మొహం చూపించలేకపోయేవాణ్ని.

మా ఊరి మేస్త్రి బండిని ముట్టుకోకముందే ఒక్కటే అడిగాడు. "ఎప్పుడు హీటెక్కేదండీ? ఆగినప్పుడా, పరిగెత్తినప్పుడా?" ముందు ఆగినప్పుడే, తర్వాత రెండు సమయాల్లోనూ, అన్నాను. వెంటనే ఫ్యాను స్విచ్ కనెక్టర్ పీకి, రెండు వైర్లూ కలిపాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. ఫ్యాను మంచిదే, స్విచ్ చచ్చిపోయింది. గురవాయిగూడెంలో మొదటిసారి ముల్లు లేచిన రోజునే తేలాల్సిన పని నిమిషంలో తేలిపోయింది.

తర్వాత ఆయిల్ మూత తీసి చూపించాడు. లోపల మజ్జిగ రంగు మీగడ. నీళ్లు ఆయిల్లో కలిశాయి, హెడ్ గాస్కెట్ పోయింది. హెడ్ విప్పి, దాని మీద ఉక్కు స్కేలు అడ్డంగా నిలబెట్టి, కింద సందులో ఫీలర్ గేజ్ రేకు దూర్చాడు. 0.05 మిల్లీమీటర్ల రేకు కూడా దూరకూడని చోట దానికన్నా మందం రేకు సులువుగా దూరింది. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. కింద ఇనుము బ్లాకు, బోల్టులు కదలనివ్వవు. అందుకని హెడ్ వంగిపోతుంది. రేడియేటర్ అడుగు విప్పితే గొట్టాల్లో ఎక్కువ భాగం తెల్లగా పూడిపోయి ఉన్నాయి.

హెడ్ లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించాం. కొత్త గాస్కెట్, కొత్త రేడియేటర్, హోస్ పైపులు, మూత, స్విచ్, నేను పారేసిన థర్మోస్టాట్ బదులు కొత్తది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్. పోసేటప్పుడు ఇంజన్ ఆన్‌లో పెట్టి, హీటర్ నాబ్ తెరిచి, బుడగలు రావడం ఆగేదాకా నిలబడ్డాడు. లోపల గాలి చిక్కుకుంటే సెన్సర్ మళ్లీ తప్పే చెబుతుందట. ఆ హీటర్ సంగతి అక్కడే తెలిసింది. రోడ్డు మీద ముల్లు లేస్తే, నీళ్లు ఇంకా ఉన్నంతవరకూ హీటర్ పూర్తిగా తిప్పితే అదీ ఒక చిన్న రేడియేటర్‌లా పనిచేసి, ఆగే చోటు దొరికేదాకా ఇంజన్‌ని కొంత కాపాడుతుంది. రోహిణి కార్తెలో హీటర్ వేసే మాట ఎవరికైనా తోస్తుందా? నాకైతే తోచలేదు.

ఇప్పుడు పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి నీళ్ల మట్టం చూస్తాను. ఆ తర్వాతే తాళం తిప్పుతాను. హెడ్‌ని గీకినంతా గీకేశామని, ఇంకోసారి కాలితే ఫేసింగ్‌కి మందం మిగలదని మేస్త్రి చెప్పాడు.