లిఫ్ట్ నడిచే రోజు

నర్సరీ పిల్లలకు స్నేహం గురించి చెప్పాలంటే దావీదు, యోనాతానుల కథ కంటే మార్కు సువార్త రెండో అధ్యాయంలోని నలుగురి కథే బాగా అందుతుంది. రాజకుమారుడు తన అంగీ, కత్తి, విల్లు తీసి స్నేహితుడికి ఇచ్చేశాడని చెబితే నాలుగేళ్ళ పిల్లలు కత్తి దగ్గరే ఆగిపోతారు. అది ఎంత పొడుగు, దాంతో ఎవర్ని పొడిచాడు అని మొదలుపెడతారు. ఈ కథ అలా కాదు. కపెర్నహూములో ఒక ఇల్లు. లోపల యేసు. గుమ్మం దాకా జనం. పక్షవాయువుతో కదలలేని మనిషిని నలుగురు పరుపుతో సహా మోసుకొచ్చారు. లోపలికి దారి లేకపోతే ఇంటి కప్పెక్కి, కప్పు విప్పి, మెల్లగా ఆయన ముందుకే దించేశారు. దీన్ని పిల్లలు ఆడి చూడొచ్చు. ఒక దుప్పటి, నాలుగు కొసలకు నలుగురు పిల్లలు, మధ్యలో టెడ్డీబేర్ ఉంటే చాలు. ఒక్కరు చెయ్యి వదిలినా బొమ్మ కిందపడుతుంది. వదలకూడదని వాళ్ళకే తెలిసిపోతుంది.

మా సండే స్కూల్ అమీర్‌పేటలో, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల హడావిడి ఆదివారం కూడా ఆగదు. మెటీరియల్ జిరాక్సులు పట్టుకుని హాస్టల్ కుర్రాళ్ళు మా గేటు ముందు నుంచే పోతుంటారు. చర్చి వెనక చిన్న గదిలో చాప పరిచి నర్సరీ క్లాసు పెడతాం. గోడ మీద బిషప్ అజరయ్య గారి ఫొటో ఉంటుంది. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి ఇచ్చింది మా క్లాసులో బన్నీ అనే బాబు వాళ్ళ నాన్న. వాళ్ళది డోర్నకల్ వైపు కుటుంబం.

అజరయ్య గారి గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, డోర్నకల్‌లో ఉండిపోయిన మనిషి. 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. తెల్లదొరలతో నిండిన ఆ సభలో నిలబడి, మీరు మాకు ఎంతో ఇచ్చారు, మీ త్యాగాలను మా వాళ్ళు మర్చిపోరు, అయితే మాకు కావలసింది స్నేహితులు అని అడిగారు. సహాయం చేసేవాడికీ స్నేహితుడికీ మధ్య ఉన్న దూరాన్ని అంత సూటిగా, అంత మర్యాదగా ఎత్తిచూపినవాళ్ళు మన చరిత్రలో తక్కువ. ఈ ముక్క పిల్లలకు చెప్పను, వాళ్ళ వయసుకు ఎక్కువ. కానీ ఆ నలుగురి కథ చెప్పే ప్రతిసారీ ఫొటో వైపు ఒకసారి చూస్తాను.

ఒక ఆదివారం కథకు ముందు, మీ ఫ్రెండ్ ఎవరో చెప్పండి అని అడిగాను. ఒకడు అమ్మ అన్నాడు. ఒక పాప పక్కింటి కుక్కపిల్ల పేరు చెప్పింది. బన్నీ చెయ్యి చాచి చిన్నిని చూపించాడు. చిన్ని బన్నీ వాళ్ళ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం, సెల్లార్‌లో మెట్ల కింద గదిలో ఉంటారు. ఆ పాపను చెయ్యి పట్టుకుని సండే స్కూల్‌కి తీసుకొచ్చింది బన్నీ వాళ్ళ నానమ్మ. ఆవిడకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక పిల్లలిద్దర్నీ బన్నీ వాళ్ళ నాన్నే దింపి వెళ్తున్నారు.

చిన్ని వంతు వచ్చింది. కాసేపు ఆలోచించి, "మెట్రో స్టేషన్ల లిఫ్ట్" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, చిన్నపిల్ల మాటలే అనుకుని కథలోకి వెళ్ళిపోయాను.

దుప్పటి ఆట అయింది. టెడ్డీబేర్ క్షేమంగా దిగింది. అప్పుడు బన్నీ అడిగాడు.

"అక్కా, వాళ్ళు లిఫ్ట్‌లో పైకి ఎక్కలేదా?"

"అప్పుడు లిఫ్టులు లేవు నాన్నా. మెట్లెక్కే వెళ్ళారు."

"మా లిఫ్ట్ కూడా పాడైపోయింది. నానమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి కదా, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. నాలుగో ఫ్లోర్ నుంచి!"

"ఎవరెవరు?"

వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. "చిన్నీ వాళ్ళ నాన్న. ఇస్త్రీ అంకుల్. వాటర్ క్యాన్ అన్న. మా ఇంట్లో గిన్నెలు కడిగే ఆంటీ."

"డాడీ?"

"డాడీ ముందు నడుస్తూ లిఫ్ట్ వాళ్ళకి ఫోన్ చేస్తున్నారు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. గలిలయ ఊళ్ళో జరిగిన కథ పంజాగుట్ట నిమ్స్‌కి వెళ్ళే దారిలో, నాలుగేళ్ళ పిల్లవాడి కళ్ళముందే జరిగింది. సువార్తలో ఆ నలుగురి పేర్లు లేవు. బన్నీకి మాత్రం ఆ నలుగురూ తెలుసు. పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించాను. చిన్ని వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు చూడండి అన్నాను. చిన్ని సిగ్గుపడి గౌను అంచు నోట్లో పెట్టుకుంది.

అక్కడితో ఆపొచ్చు. కానీ పిల్లవాడి ఉత్సాహం చూసి, మరి వచ్చేటప్పుడో అని అడిగాను.

"సాయంత్రానికి లిఫ్ట్ బాగైపోయింది! నానమ్మ కుర్చీలోనే లిఫ్ట్‌లో వచ్చింది. డాడీ, నేను కూడా."

"మరి మోసినవాళ్ళు?"

"వాళ్ళు కుర్చీని లిఫ్ట్‌లో పెట్టేసి మెట్లెక్కి వచ్చారు. పైన మళ్ళీ దించాలి కదా అక్కా."

"మా నాయిన ఉరికిండు," అంది చిన్ని, ఎంతో గర్వంగా.

"లిఫ్ట్‌లోనే రావచ్చు కదమ్మా?"

ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది చిన్ని. "బోర్డున్నది కదక్కా. మేము ఎక్కొద్దు. వాటర్ అన్న కూడా ఎక్కొద్దు. మెట్రోల అయితే అందరం ఎక్కొచ్చు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాటర్ అన్న భుజం మీదుండేది ఇరవై లీటర్ల క్యాన్. అది మోసుకుని ఆ మెట్లు రోజూ ఎక్కుతాడు. తలుపు దగ్గర అలికిడైతే తలెత్తి చూశాను. పిల్లల కోసం వచ్చిన బన్నీ వాళ్ళ నాన్న చెప్పులు విడుస్తూ అలాగే నిలబడిపోయారు. ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ ఆయనే.

ఆయన చెడ్డమనిషి కాదు. మా క్లాసుకి బిస్కెట్లు, రంగు పెన్సిళ్ళు అడగకుండానే తెచ్చిస్తారు. చిన్ని స్కూలు పుస్తకాలు కొన్నదీ ఆయనే. పిల్లల ముందు నేనేమీ అనలేదు. అవసరమూ రాలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. "సిస్టర్, ఇది మా మీటింగ్‌లో పెడతాను. నాదీ బాధ్యత," అన్నారు. ఆ గొంతులో నిజాయితీ ఉంది. పాఠం పిల్లల్ని దాటి పెద్దవాళ్ళకు చేరిందని ఆ రోజు తృప్తిగా ఇంటికి వెళ్ళాను.

కొన్నాళ్ళకు నానమ్మ కోసం ప్రార్థన చేయడానికి వాళ్ళింటికి వెళ్ళాను. సెల్లార్‌లో నన్ను చూసి చిన్ని పరుగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకుని తిన్నగా మెట్ల వైపు లాగింది. ఇద్దరం నాలుగంతస్తులూ ఎక్కాం.

పెద్దావిడ కొత్త చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారు. మంచి కుర్చీ. గదిలోంచి లిఫ్ట్‌లోకి, లిఫ్ట్‌లోంచి కారు దాకా ఒక్క మనిషి నెట్టుకెళ్ళొచ్చు. ప్రార్థన అయ్యాక బన్నీ వాళ్ళ నాన్న నన్ను లిఫ్ట్ దగ్గరకు తీసుకెళ్ళి బోర్డు చూపించారు. కమిటీలో చాలా వాదించాల్సి వచ్చిందట, చివరికి అందరూ ఒప్పుకున్నారట. ఆ మాట చెబుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

బోర్డు అలాగే ఉంది. పనివాళ్ళు, వాచ్‌మన్ కుటుంబం, డెలివరీ బాయ్స్ లిఫ్ట్ వాడరాదు. దాని కింద కొత్తగా ఒక లైను చేర్చారు: రోగులను మోసే సమయంలో మాత్రం మినహాయింపు.

లిఫ్ట్ నడిచే రోజున ఆవిడను ఎవరూ మోయనక్కర్లేదు. మోయాల్సి వచ్చేది లిఫ్ట్ ఆగిపోయిన రోజునే.