తిమ్మిరి పద్యానికి టీకా తాత్పర్యం

ఎడమ మోపి పిదప కుడిమోపి మడమల
పైన కూర్చువాని పాదయుగము
పదినిమిషములైన బరువెక్కి తనదను
మాట మరచిపోవు మరి నిజముగ

అవతారిక: జపాను కత్తివిద్య నేర్వబోయి, కత్తి పట్టకముందే కాళ్ళు పోగొట్టుకున్న ఒక అజ్ఞాత శిష్యుడు చెప్పిన చాటువు ఇది. చెప్పినవాడూ వ్యాఖ్యానించేవాడూ ఒకడేనని లోకంలో ఒక వదంతి ఉన్నది. దానిని మేము ఖండించము. సందర్భమేమంటే, దోజోలో, అనగా సాధనశాలలో, మొదటి రోజు. నున్నటి చెక్క నేల. శిష్యులందరూ వరసగా మోకాళ్ళు మడిచి కూర్చున్నారు. గురువుగారు 'మొకుసో' అన్నారు. కళ్ళు అరమోడ్చి, మనసు నిలిపి, ఉలుకూ పలుకూ లేక ఉండమని దాని భావం. శిష్యుడు పలకలేదు. కాళ్ళే పలికాయి.

టీక: ఎడమ = ఎడమ మోకాలిని; మోపి = నేలకు ఆన్చి; పిదప = తరువాత; కుడి = కుడి మోకాలిని; మోపి = ఆన్చి; మడమల పైన = రెండు మడమల మీద; కూర్చువాని = పిరుదులు ఆన్చి నిటారుగా కూర్చునే సాధకుని యొక్క; పాదయుగము = రెండు పాదాలూ; పది నిమిషములు ఐన = పది నిమిషాలు కాగానే (కొందరికి మూడు చాలును); బరువెక్కి = ఇసుక బస్తాలై; తనది అను మాట = అతనిది అన్న సంగతిని; మరచిపోవు = మరచును. 'మరి', 'నిజముగ' అనే రెండూ పాదపూరణార్థకాలు. పద్యపాదం నిండడానికి ఏవో రెండు మాటలు దొరికాయి. శిష్యుడి పాదాల్లోకి నెత్తురు నిండడానికి ఏం చెయ్యాలో పద్యంలో లేదు గనుక ఈ వ్యాఖ్య అవసరమైంది.

'తనదను మాట' దగ్గర వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. పాదాలే తమ యజమాని ఎవరో మరచిపోతాయని ఒక పక్షం. యజమానే ఆ పాదాలు తనవని మరచిపోయి, పక్కవాడివేమోనని తడిమి చూస్తాడని రెండో పక్షం. కూర్చుని ఉన్నంతసేపూ మొదటిది, లేవబోయినప్పుడు రెండోది చెల్లుతుందని మా సమన్వయం.

పదవిచారం: ఈ కూర్చోవడానికి జపానులో 'సేజా' అని పేరు. ఇది శయ్యకు వికృతి అయిన 'సెజ్జ' నుండి పుట్టిందని కొత్తగా చేరిన ఒక తెలుగు శిష్యుడు ఊహించాడు. నిద్రకు ఇంతకన్నా శత్రువు లేదు కాబట్టి ఆ ఊహ త్రోసివేయబడినది. అసలు అర్థం 'సరైన కూర్చోవడం'. అదే ఉచ్చారణతో, వేరే అక్షరాలతో ఆ భాషలోనే ఇంకో 'సేజా' ఉంది. దాని అర్థం నక్షత్రరాశి. పట్టపగలు చుక్కలు కనబడడమనే అనుభవాన్ని మనం నుడికారంలో దాచుకుంటే వాళ్ళు నిఘంటువులోనే దాచుకున్నారు.

శంక: ఇది మన వజ్రాసనమే కదా, భోజనం చేసి రోజూ వేసేవాళ్ళున్నారు, ఇంత ఏడుపెందుకు? సమాధానం: ఆకారం దాదాపు అదే. వజ్రాసనంలోంచి మనకు తోచినప్పుడు లేస్తాం. సేజాలోంచి గురువుగారికి తోచినప్పుడు లేస్తాం. సాధన ముగిశాక వారికి నాలుగు మంచిమాటలు చెప్పాలని తోచినప్పుడు ఈ భేదం సుబోధకమవుతుంది.

'ఎడమ మోపి పిదప కుడి' అన్న క్రమం యతిప్రాసల కోసం పెట్టింది కాదు. కూర్చునేటప్పుడు ఎడమ మోకాలు ముందు, లేచేటప్పుడు కుడి పాదం ముందు అని కెండో, ఇయైదో వంటి కత్తివిద్యల్లో నియమం. కత్తి ఎడమ మొలలో ఉంటుంది. కుడికాలు ముందుకు పడితే ఒర లోంచి దూయడం సులువు. మగవాళ్ళ మోకాళ్ళ మధ్య రెండు పిడికిళ్ళంత ఎడం, వెనక బొటనవేళ్ళు ఒకదానిపై ఒకటి, అరచేతులు తొడల మీద, వెన్ను తిన్నగా. ఇన్ని పాటించి కూర్చున్నవాడు చూడడానికి చిత్రపటంలా ఉంటాడు. పటం గోడకు వేలాడుతుంది గనుక దానికి తిమ్మిరి లేదు.

ఇక్కడ ఇంకొక శంక గట్టిది. పూర్వం సమురాయిలు పొడవాటి కత్తి మొలలో పెట్టుకుని ఇంట్లో ఇలాగే కూర్చునేవారా? కూర్చునేవారు కారు. ఇంటికి వచ్చిన వీరుడు పొడవు కత్తిని మొలనుంచి తీసేవాడు; కూర్చున్నాక కుడిపక్కన పెట్టుకోవడం మర్యాద, ఎందుకంటే అటునుంచి దూయడం కష్టం. కాబట్టి ఓమోరి అనే కత్తివిద్యా శాఖ నుంచి వచ్చిన సేజా ప్రయోగాలు యుద్ధానికి నకళ్ళు కావు, నడుమునూ తొడలనూ తీర్చిదిద్దే అభ్యాసాలు. కవచం తొడుక్కుని ఇలా మడిచి కూర్చోవడం మాట అటుంచి, ఎడో యుగానికి ముందు వాళ్ళు ఎక్కువగా మనలాగే బాసింపట్టు వేసుకునో, ఒక మోకాలు పైకెత్తుకునో కూర్చునేవారు. 1603 నుంచి 1868 దాకా సాగిన ఎడో యుగంలో ప్రభువుల కొలువులో మోకాళ్ళు మడవడం మర్యాదగా స్థిరపడింది. తతామి చాపలు ఇళ్ళలో పరుచుకున్నకొద్దీ ఆ మర్యాదా పరుచుకుంది. 'సరైన కూర్చోవడం' అన్న పేరు అందరి నోటా పడింది ఆ తరవాతి మెయిజీ కాలంలో. సనాతనమనుకుని కాళ్ళు అప్పగించినవాళ్ళు ఈ సంగతి విని కొంచెం నొచ్చుకుంటారు. నేను నొచ్చుకున్నాను.

ఆ ఎడో యుగంలోనే నేరస్థుల చేత నిజం చెప్పించడానికి పదునైన చెక్క అంచుల మీద ఇలాగే మోకాళ్ళు మడిచి కూర్చోబెట్టి తొడల మీద రాతిపలకలు పేర్చేవారు. దానిని ఇషిదాకి అన్నారు. 2020లో జపాను ప్రభుత్వం పిల్లలను కొట్టడం తిట్టడం మాన్పించడానికి ఇచ్చిన మార్గదర్శకాల్లో, అల్లరి చేసినందుకు చాలాసేపు సేజాలో కూర్చోబెట్టడం కూడా శారీరక దండనే అని ఉదాహరణగా చూపింది. పిల్లలకు దండన, దొంగలకు చిత్రహింస, మనకు నెలనెలా ఫీజు కట్టి నేర్చుకునే సంస్కారం. పాత్రభేదం వల్ల రసభేదం.

'బరువెక్కి': ఇది అతిశయోక్తి అని కొందరు ఆలంకారికులన్నారు. వారు కుర్చీలో కూర్చుని అన్నారు. ఇది స్వభావోక్తి. శరీరం బరువంతా మడిచిన కాళ్ళ మీద పడి, మోకాలి కింద బయటివైపు పైపైనే సాగే నరమూ, నెత్తురు పోయే దారులూ నొక్కుకుపోతాయి. మొదట మీగాలు మండుతుంది, తరవాత మొద్దుబారుతుంది. నొప్పి తగ్గిందని సంతోషించే అమాయకుడికి అది మధ్యంతర విరామమని తెలియదు. ఒత్తిడి తీయగానే నరాలన్నీ ఒక్కసారి మేలుకుని, సంతలో జనంలా తలా ఒక కేక వేస్తాయి. చీమలు పాకినట్లని మనమంటాం. షిబిరే అని వాళ్ళంటారు.

ఛందస్సు ఆటవెలది. మొద్దుబారిన కాళ్ళతో లేచినవాడు వేసే అడుగులు చూస్తే ఆ పేరు ఎంత సార్థకమో తెలుస్తుంది. నవ్వొచ్చే ఘట్టమే గానీ ప్రమాదం ఉన్నదీ ఇక్కడే. స్పర్శ లేని పాదం మడతపడిందో లేదో తెలియదు. దాని మీద బరువు మోపితే చీలమండ బెణుకుతుంది. ఈ వ్యాఖ్యాతకు బెణికింది. అందుచేత తటాలున లేవరాదు. ముందు కాలివేళ్ళు లోపలికి మడిచి, మునివేళ్ళు నేలకానించి, ఎత్తిన మడమల మీద కూర్చోవాలి. దీనికి కిజా అని పేరు. వేళ్ళు గోలపెడతాయి; పెట్టనివ్వాలి. గోల వినబడిందంటే ప్రాణం తిరిగొచ్చిందన్నమాట. అప్పుడు కుడి పాదం ముందుకు.

కూర్చున్నంతసేపూ చేసుకోదగిన రహస్య ప్రక్రియలు కొన్ని సంప్రదాయంలో ఉన్నాయి. కింది బొటనవేలిని పైకీ, పైదాన్ని కిందికీ మార్చవచ్చు. బరువును వెంట్రుకవాసి మోకాళ్ళ వైపు జరపవచ్చు. హకామా అనే ఆ కుచ్చుల లాగు ఇలాంటి చిన్న పాపాలన్నిటినీ కప్పుతుంది. వంగి నమస్కరించినప్పుడు మడమల మీద భారం తగ్గుతుంది కాబట్టి, నా నమస్కారం అందరికన్నా రెండు క్షణాలు ఎక్కువ నడుస్తుంది. గురువుగారు దానిని వినయమనుకున్నారు. నేను సవరించలేదు. ఇక ఇంట్లో రోజుకు మూడు నిమిషాలతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకోవడం, మీగాళ్ళ కింద మడత తువ్వాలు పెట్టుకోవడం, పిరుదుల కింద చిన్న పీట వేసుకోవడం గృహస్థులకు విహితాలు. జపానులో పెద్దవాళ్ళ కోసం అలాంటి పీటలు అమ్ముతారు కూడా.

తిమ్మిరి వేరు, మోకాలి నొప్పి వేరు. కీలు లోపల ఒకచోట కత్తితో పొడిచినట్లుంటే అది ఓర్చుకోవలసిన శిక్షణ కాదు. గురువుగారికి చెప్పి బాసింపట్టు వేసుకోండి. కాదనే గురువు దొరికితే వేరే దోజో వెతుక్కోండి.

పాఠాంతరం: 'పది నిమిషము' బదులు 'అయిదు నిమిషము' అని కొన్ని ప్రతుల్లో ఉంది. అనుభవానికి దగ్గరే గానీ యతి చెడుతుంది.

చివరగా జపాను నాటువైద్యం ఒకటి. కాళ్ళు తిమ్మిరెక్కినప్పుడు వేలికి ఉమ్మి తడి చేసుకుని నుదుట మూడుసార్లు అద్దుకుంటే పోతుందట. మొన్న శనివారం ఎవరూ చూడకుండా అద్దుకున్నాను. నుదురు తడిసింది.