శ్రోతగారు

ప్రతి ఊళ్లోనూ ఒక శ్రోతగారు ఉంటారు. రేడియో వినేవాళ్లంతా శ్రోతలే కదా అనకండి. మనం వింటాం, ఇడ్లీ తింటాం, మర్చిపోతాం. ఆయన వింటారు, లేస్తారు, చెప్పులేసుకుంటారు. పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఏం చెప్పిందో ఊరికి తిరిగి చెప్పడం ఆయన కొలువు. జీతం లేదు. టీ ఉంది. ఆ టీ డబ్బులు కూడా ఒక్కోసారి ఆయన నెత్తినే పడతాయి. చర్చ బాగా వేడెక్కిన రోజున తక్కినవాళ్లు కోపంగా లేచిపోతారు గదా, కోపంలో డబ్బులివ్వడం ఎవరికి గుర్తుంటుంది!

కృష్ణా డెల్టాలో మా ఊరి శ్రోతగారు పంచాయతీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆ రోజుల్లో పంచాయతీ రేడియో ఆయన చేతికిందే ఉండేది. గదిలో సెట్టు, బయట స్తంభానికి లౌడుస్పీకరు, గదికి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకి. ఊరు ఏం వినాలో, ఎంతసేపు వినాలో ఆయనే తీర్మానించేవారు. ఎవరైనా పన్ను బకాయి ఉంటే వాళ్ల వీధివైపు స్పీకరు తిప్పేవారు కాదని గిట్టనివాళ్లు అంటారు. తర్వాత ఇంటింటికీ ట్రాన్సిస్టర్లొచ్చాయి, స్తంభం పడిపోయింది, తాళంచెవికి పని లేకుండా పోయింది. అప్పట్నించీ స్పీకరు పని కూడా ఆయనే చేస్తున్నారు.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆయన పుట్టింది ఆ మరుసటేడు. ఈ రెంటికీ సంబంధం ఉందని ఆయన పైకి అనరు, మనమే గ్రహించాలి. మీడియం వేవ్‌లో విజయవాడ 837 కిలోహెర్ట్జ్, హైదరాబాదు 738. ఒకదాన్ని తిరగేస్తే రెండోది. రెండు రాష్ట్రాల సంగతీ ఇందులోనే ఉందంటారు. ఏముందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడిగితే చెబుతారు మరి.

ఆకాశవాణి పొద్దున్నే వాయించే ఆ బాణీ ఎవరిదని ఒకసారి క్షౌరశాలలో తగువొచ్చింది. రవిశంకర్‌దని మంగలి అన్నాడు. శ్రోతగారు సగం గడ్డంతో లేచి నిలబడ్డారు. "అది దూరదర్శన్‌దిరా నాయనా! ఇది చేసినాయన వాల్టర్ కాఫ్‌మన్. చెక్ దేశపు యూదుడు. హిట్లరు బాధ పడలేక బొంబాయి వచ్చి రేడియోలో చేరాడు. రాగం శివరంజని." అంతవరకూ నిజమే. కూర్చుంటే సరిపోయేది. ఆ కాఫ్‌మన్ గారికి శివరంజని నేర్పింది మన గుంటూరు జిల్లా ఆయనేనని కూడా అన్నారు. అది మాత్రం ఆయన స్వీయ రచన.

శ్రోతగారి అసలు గుణం ఇక్కడే బయటపడుతుంది. ఆయన ఏ కార్యక్రమమూ చివరిదాకా వినరు. వినలేక కాదు, తీరిక లేక. టీ కొట్టు దగ్గర బల్ల ఒకటే. పేపరు చదివే బ్యాచి వచ్చి దాన్ని ఆక్రమించేలోపు ఆయన చేరుకోవాలి. పేపరు వాళ్లంటే ఆయనకి చిన్నచూపు, నిన్నటి సంగతి ఇవాళ చెబుతారని. అందుకని పదిహేను నిమిషాల ప్రసంగంలో ఏడో నిమిషానికే బయల్దేరతారు. మొదటి సగం ఆకాశవాణిది, రెండో సగం దారిలో తయారవుతుంది.

ఆ మధ్య వ్యవసాయ కార్యక్రమంలో సుడిదోమ గురించి చెప్పారు. వరినాట్లలో ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి అన్నంతవరకూ శ్రోతగారు విన్నారు. టీ కొట్టు దగ్గర ఆ మాట పెట్టగానే మొదటి ప్రశ్న వచ్చింది.

"కాలిబాట ఎవరికండీ?"

"నడిచేవాళ్లకి."

"మా పొలంలో ఎవరు నడుస్తారు?"

శ్రోతగారు ఒక్క క్షణం ఆగి, "గవర్నమెంటు ఊరికే చెప్పదు గదా" అన్నారు. ఇంకేం కావాలి! కాఫీల వేళకి అది పొలాలకి అడ్డంగా రోడ్డు పడుతోందన్న వార్తయింది. పదకొండింటికి సర్వేయరు వచ్చి వెళ్లాడన్నారు. మధ్యాహ్నానికి నష్టపరిహారం ఎకరానికెంతో తేలింది. సాయంత్రం రోడ్డు ఎవరి గట్టు మీంచి పోతుందన్న విషయంలో ఇద్దరన్నదమ్ములు, పదేళ్లుగా మాటల్లేనివాళ్లు, మాట్లాడుకున్నారు. అంటే తిట్టుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర వాళ్లావిడ మజ్జిగ పోస్తూ, "కాలిబాట మనుషులక్కాదండీ. దోమ దుబ్బుల మొదట్లో చేరుతుందిట. గాలీ వెలుతురూ లోపలికి పోవాలని తూర్పు పడమరలుగా తీయమన్నారు. యూరియా తగ్గించమన్నారు. నీళ్లు తీసేసి మడి ఆరగట్టమన్నారు" అంది. రేడియో వంటింట్లో ఉంటుంది. ఆయన వెళ్లిపోయాక కూడా అది మాట్లాడుతూనే ఉంటుంది. ఆవిడ ఎక్కడికీ వెళ్లదు.

"నువ్వు మధ్యలో విన్నావు" అన్నారు శ్రోతగారు.

ఇలాంటి మనిషిని చూసి నవ్వుకోవచ్చు గాని, ఒకప్పుడు ప్రభుత్వమే ఈ పనికి మనుషుల్ని పోగేసింది. 1956లో పూనా చుట్టుపక్కల అయిదు జిల్లాల్లో 150 ఊళ్లు ఏరి, యునెస్కో సాయంతో రేడియో గ్రామీణ వేదికలు పెట్టారు. ఊరికో పాతికమంది లోపు జట్టు. వారానికి రెండుసార్లు కూర్చుని అరగంట కార్యక్రమం వినాలి, విన్నది చర్చించాలి, చర్చించింది చేయాలి. సందేహాలుంటే కేంద్రానికి రాయాలి. పది వారాల్లో ఇరవై కార్యక్రమాలు నడిచాయి, ఫలితం బాగుందని తేలింది, 1959 నుంచి దేశమంతటికీ పాకించారు. శ్రోతగారికి ఈ చరిత్ర కంఠోపాఠం. "ఇరవైమంది చేసేది నేనొక్కణ్ణే చేస్తున్నాను" అంటారు. లెక్క చూస్తే వినడం సగం, చర్చించడం రెండింతలు. చేయడం వాళ్లావిడ భాగం. పెరటి తోటల గురించి రేడియో చెప్పిన ఏడాది ఆయన బల్ల మీద కూర్చుని నెల్లాళ్లు ఉపన్యసించారు. బీరపాదు మాత్రం ఆవిడ పెట్టింది. ఆ బీరకాయలు మేమూ తిన్నాం.

ఉత్తరాల సంగతి చెప్పకపోతే వ్యక్తిచిత్రం వెలితి. పాటలు కోరుతూ కార్డులు రాసీ రాసీ దేశమంతా పేరు తెచ్చుకున్న ఊరొకటుంది, జార్ఖండ్‌లో, జుమ్రీ తలైయా. రేడియో సిలోన్‌లోనూ వివిధ భారతిలోనూ ఆ పేరు వినని రోజుండేది కాదు. ఆ ఊరి మీద మా శ్రోతగారికి కడుపుమంట. మన ఊరు ఎందుకు కాకూడదని కార్డులు మొదలెట్టారు. తన పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు అయిపోయాయి. కాలం చేసిన తాతగారి పేరుతో రెండు యుగళగీతాలు కోరారు. చివరికి పాడిగేదె లక్ష్మి పేరు కూడా వాడారు. అనౌన్సరు గారు ఎంతో మర్యాదగా "లక్ష్మి" అని చదివారు. ఆ వారం మా ఊళ్లో లక్ష్ములందరికీ ఇళ్లలో సంజాయిషీలు చెప్పుకోవాల్సొచ్చింది, ఆ ప్రేమపాట ఎవరి కోసం కోరావని.

ఉషశ్రీ గారు విజయవాడ నుంచి ధర్మసందేహాలు చెప్పే రోజుల్లో శ్రోతగారు ఒక గట్టి సందేహం పంపారు. లక్ష్మణుడి నిద్ర కూడా కలిపి ఊర్మిళ పద్నాలుగేళ్లు పడుకుంది గదా, మధ్యలో భోజనానికి లేచిందా, లేదా? జవాబు రాలేదు. సమాధానం లేని ప్రశ్న వేశానని ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటారు. కార్డు మీద పిన్‌కోడ్ మా ఊరిదీ, ఊరిపేరు విజయవాడదీ రాశానని ఆయనే ఇంకో సందర్భంలో ఒప్పుకున్నారు. అది తిరిగి ఆయన ఇంటికే చేరి ఉంటుంది. అలాంటి కార్డు చూసినట్టు వాళ్లావిడకి గుర్తు.

ఈ మధ్య వినడం ఫోన్లోకి మారింది. అయినా చెవిలో పెట్టుకోరు. శ్రోత అనేవాడు వినిపించాలి గదా. ఒకరోజు టీ కొట్టువాడు విసుక్కున్నాడు.

"ఆ సౌండు కాస్త తగ్గించండి గురువుగారూ!"

"గాలి తరంగాలు ప్రజల ఆస్తి. 1995లో సుప్రీంకోర్టు తీర్పు. ఆ బెంచిలో జస్టిస్ జీవన్‌రెడ్డి గారు మన తెలుగాయనే, తెలుసా?"

"తరంగాలు ప్రజలవే బాబూ. బల్ల నాది."

సుప్రీంకోర్టు మీద అంత పొట్టి వ్యాఖ్యానం నేనింకెక్కడా వినలేదు.

ఆయన గర్వం ఒక్కచోటే కాస్త దెబ్బతింది. చుట్టాల పెళ్లికని జహీరాబాదు వెళ్లారు. అక్కడికి దగ్గర్లో మాచనూర్ అని ఊరుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 2008 అక్టోబరు 15 నుంచి సంగం రేడియో నడుపుతున్నారక్కడ, 90.4 మెగాహెర్ట్జ్ మీద. చిన్న ట్రాన్స్‌మిటరు, చుట్టుపక్కల ఊళ్లకే వినబడుతుంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు దాన్ని ముందుండి నడిపినవాళ్లు. విత్తనాలు, జొన్నలు, పండుగలు, పాటలు అన్నీ అక్కడి యాసలోనే. పెళ్లివారింటి అరుగు మీద ఒకావిడ కొర్రలు చెరుగుతుంటే పక్కన రేడియో మోగుతోంది. శ్రోతగారి చెవులు నిక్కాయి.

"ఏం చెబుతున్నారమ్మా?" అని మొదలుపెట్టారు, విని విడమరిచి చెబుదామని.

"విత్తనం దాచుడు గురించి సార్. గది నా గొంతే. మొన్న వచ్చి రికార్డు జేసుకపోయిండ్రు."

శ్రోతగారికి పాలుపోలేదు. నిలయ విద్వాంసులెవరన్నారు. నిపుణులెవరన్నారు. ఆవిడ చేట పక్కన పెట్టి, "ఎవుసం చేసెటోళ్లమే సార్" అంది. అక్కడ ఆయన తిరిగి చెప్పడానికేమీ మిగల్లేదు. ఊరు చెప్పిందే రేడియో చెబుతోంది. ఇంటికొచ్చి రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోనాడు ఊరట దొరికింది. కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదని ప్రభుత్వ నిబంధనట. "చూశారా, వార్తలకి మేమే గతి" అన్నారు. మేము అంటే తానూ ఆకాశవాణీ.

వాతావరణం ఆయన అభిమాన విషయం. కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు అని వింటే, ఆ ఒకటి మనమా, రెండు మనమా అన్నది రోజంతా నడుస్తుంది. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు పదకొండూ వరసగా అప్పజెబుతారు. పదోది మహా ప్రమాదం. పదకొండోది వచ్చిందంటే సమాచార సంబంధాలు తెగిపోయినట్టు. ఇంట్లో పదకొండో నంబరు ఎగరేసిన రోజున శ్రోతగారు టీ కొట్టు దగ్గరే భోజనం చేస్తారు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్లూ పోయాయి. శ్రోతగారు అటక మీంచి పాత ట్రాన్సిస్టరు దింపి కొత్త సెల్లులు వేశారు. వీధిలో వాళ్లందరం ఆయన వరండాలో చేరాం. ఆ వర్షంలో ఎక్కడికి పోతారు? జీవితంలో మొదటిసారి కార్యక్రమం చివరిదాకా విన్నారు. విన్నది విన్నట్టు చెప్పారు: తుపాను ఎక్కడుంది, గాలి ఎటు, ఎవరు ఖాళీ చేయాలి, అంతే. మేం ఇంకా ఏదో వస్తుందని కూర్చున్నాం.

"అంతేనా గురువుగారూ?" అన్నాడు టీ కొట్టువాడు, నిరాశగా.

"అంతే. లోతట్టు ఇళ్లవాళ్లు స్కూల్లోకి వెళ్లండి."

వెళ్లారు. మర్నాడు పైకప్పులు సర్దుకునే హడావిడిలో పడ్డాం. వాన వెలిశాక టీ కొట్టు తెరిచారు. తుపాను దిశ మారడానికి తాను కేంద్రానికి రాసిన కార్డే కారణమని శ్రోతగారు అప్పుడే మొదలుపెట్టారు.

మీ ఊళ్లోనూ ఆయన ఉంటారు. కనబడితే బల్ల మీద చోటివ్వండి, ఒక టీ చెప్పండి, చెప్పిందంతా వినండి. కాని పొలానికి మందు కొట్టే ముందు, రోడ్డు పడుతోందని గట్టు అమ్ముకునే ముందు, ఒకసారి వాళ్లింటికి వెళ్లి రెండో సగం అమ్మగారిని అడగండి.