మీ పిల్లను టాప్ ఫైవ్‌లో నిలబెట్టే మార్గాలు

ఈ చిట్కాలు డల్లాస్ ఉత్తర శివార్లలో, ఫ్రిస్కో నుంచి కొప్పెల్ దాకా, ఏడో ఎనిమిదో తరగతి పిల్లలున్న తెలుగు తల్లిదండ్రుల కోసం. పిల్లలు తొమ్మిదిలోకి వచ్చేసి ఉంటే మీకు ఆలస్యమైపోయింది. అయినా చదవండి, పక్కింటివాళ్ళకు చెప్పకుండా దాచుకోవడానికైనా పనికొస్తాయి.

ముందు చట్టం తెలుసుకోండి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలు మీ పిల్లను రాష్ట్రంలోని పిల్లలందరి పక్కనా నిలబెట్టి చూడవు. తన బడిలో, తన బ్యాచ్‌లో ఉన్నవాళ్ళ పక్కన నిలబెట్టి చూస్తాయి. ఆ బ్యాచ్‌లో పై పది శాతంలో ఉంటే సీటు ఇచ్చి తీరాలి. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కు (యూటీకి) మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ తాకిడి తట్టుకోలేక గీత ఏడుకూ, ఆరుకూ దిగి, 2026 ప్రవేశాల నుంచి ఐదు శాతానికి వచ్చింది. కాబట్టి మనకు కావలసింది తెలివైన పిల్ల కాదు, ఆ పిల్ల కన్నా తెలివి తక్కువ పిల్లలు నిండుగా ఉన్న బడి. ఇంత తేలిక విషయాన్ని పట్టుకోలేక మనవాళ్ళు ఏళ్ళ తరబడి కుమాన్ ట్యూషన్ సెంటర్లకు డబ్బు పోశారు.

ఇలాంటి చట్టం ఎందుకు పెట్టారని పిల్ల అడిగితే క్లుప్తంగా చెప్పి దాటేయండి. 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు, ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవద్దంది. రాష్ట్రంలో వెయ్యికి పైగా హైస్కూళ్ళున్నా, అప్పటికి యూటీలో చేరేవాళ్ళలో సగం మంది కొద్ది పదుల బడుల నుంచే వచ్చేవాళ్ళు. కింగ్స్‌విల్ నుంచి ఎన్నికైన శాసనసభ్యురాలు ఇర్మా రాంగెల్ 1997లో ఈ బిల్లు తెచ్చారు. గవర్నరుగా ఉన్న జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం పెట్టారు. పట్నంలోని మెక్సికన్ పేటల బడికీ, పశ్చిమాన పత్తి చేల మధ్య బడికీ కూడా వాటా దక్కాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ రేటింగ్ పదికి పది ఉన్న బడి పక్కన, ముప్పై ఏళ్ళ అప్పు మీద ఇల్లు కొనుక్కోబోయే మన సంగతి వాళ్ళకు తట్టినట్టు లేదు. 2009 నాటికి యూటీలో చేరే టెక్సాస్ పిల్లల్లో ఎనభై శాతానికి పైగా ఈ దారినే వస్తుంటే, వాళ్ళను 75 శాతం దగ్గర ఆపుకోవడానికి శాసనసభ వీలిచ్చింది. గీత మెట్టు మెట్టుగా దిగడం అప్పటి నుంచే.

ఏ బడిలో చదివావన్నదాన్ని బట్టి సీటు రావడం మనకు కొత్తదేమీ కాదు. వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడి లోకల్ అన్న లెక్కతో ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర ప్రాంతాలుగా విడిపోయి ఇంజనీరింగ్ సీట్లు తెచ్చుకున్నవాళ్ళమే మనం. నూజివీడు, బాసర ట్రిపుల్ ఐటీల్లో సర్కారు బడి పిల్లలకు పదో తరగతి పాయింట్ల మీద 0.4 కలుపుతారని తెలిసినప్పుడు, మావాణ్ణి ప్రైవేటులో చదివించడం మా తప్పా అని ఊరంతా వినేలా అడిగిన బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఆ వారసత్వం మనది. ఇక్కడ దాన్ని వాడుకోవడమే మిగిలింది.

మొదటి పని హారంతో మొదలవుతుంది. ఐదు వందల మంది బ్యాచ్‌లో ఐదు శాతం అంటే పాతికమంది. మీ పాపది ఇరవై ఏడో ర్యాంకు అనుకుందాం. మనవాళ్ళు వెంటనే పాపను పట్టుకుంటారు, ఇంకో ట్యూషన్ పెడతారు. ఎంత అమాయకత్వం! తొందరపడకుండా బ్యాచ్ కింద మరో వందమందిని చేర్చండి. ఆరు వందల్లో ఐదు శాతం ముప్పై. పాప ఒక్క లెక్క అదనంగా చేయకుండానే గీతలోపలికి వచ్చేసింది.

ఆ వందమంది ఎక్కడి నుంచి వస్తారంటారా? రెండేళ్ళ కింద మీ సబ్‌డివిజన్ వెనక ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు కడతామంటే, స్కూలు స్థాయి పడిపోతుందని కాలనీ వాట్సాప్ గ్రూపులో సంతకాలు సేకరించారు కదా? ఎర్ర టీషర్టులు వేసుకుని సిటీ కౌన్సిల్ మీటింగుకు వెళ్ళి మూడేసి నిమిషాలు మాట్లాడారు కూడా. అదే చేత్తో ఇప్పుడు ఇంకో పిటిషన్ రాయండి: మా పేటకు అపార్ట్‌మెంట్లు కావాలి, అద్దెలు అందుబాటులో ఉండాలి, అన్ని వర్గాల పిల్లలూ మా బడికి రావాలి. కౌన్సిల్ సభ్యుల కళ్ళు చెమరుస్తాయి. ఎందుకు మనసు మారిందని ఎవరూ అడగరు, మంచి మాటకు కారణాలు అడిగే అలవాటు లోకానికి లేదు. ఒక్క జాగ్రత్త: దరఖాస్తుతో వెళ్ళేది పదకొండో తరగతి ముగిసేనాటి ర్యాంకు. కొత్తగా వచ్చిన పిల్లలు అప్పటిదాకా బడి మానకుండా చూసుకునే పూచీ మీదే. కావాలంటే పొద్దున్నే కారులో ఎక్కించుకుని దింపండి. వాళ్ళకు లెక్కలు మాత్రం చెప్పకండి.

ఇక జీపీఏ. ఇక్కడ నిలబడి మాట్లాడుకోవాలి, మనవాళ్ళ ప్రతిభ అంతా ఇక్కడే ఉంది.

మన జనం ఎక్కువున్న కొన్ని స్కూలు జిల్లాల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) క్లాసుకు పైమెట్టు 6.0, మామూలు క్లాసుకు 5.0. దీని అర్థం మీరు బాగా గ్రహించాలి. పాప ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించి నూటికి నూరు తెచ్చుకుందంటే, ఆ నూరు 5.0 దగ్గర ఆగిపోతుంది. మిగతా క్లాసుల సగటు 5.7 ఉన్న పిల్లకు ఆ నూరు మార్కులు నష్టం. నూరు వస్తే సగటు కిందికి పోయే క్లాసు వయొలిన్! ఆరో తరగతి నుంచి వాయిస్తోంది, రీజియన్ ఆర్కెస్ట్రాకు ఎంపికైంది, దసరాకు గుళ్ళో వాయిస్తే పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు, ఇవన్నీ నిజమే. అమ్మేయండి. ఆ గంటలో ఏపీ హ్యూమన్ జియోగ్రఫీ పెట్టండి. ఆ సబ్జెక్టు ఏమిటో మీకూ పాపకూ తెలియకపోయినా దానికి 6.0 ఉందన్నది తెలుసు, అది చాలు.

కొన్ని జిల్లాల్లో ఇలాంటి క్లాసును జీపీఏ లెక్కలోంచి తప్పించమని కోరే ఫారం ఒకటి ఉంటుంది. కౌన్సిలర్ దాని గురించి చెప్పబోతే మాట మార్చండి. ఆ ఫారం పెడితే పాప వయొలిన్ మానదు, మానకపోతే త్యాగం చేశామన్న తృప్తి మీకు దక్కదు, ఆదివారం పాట్‌లక్‌లో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

బోనులో పెట్టవలసిన క్లాసులు ఇంకా ఉన్నాయి. బొమ్మలేయడం, నాటకం, వంట, కార్ల రిపేరు, అన్నీ ఐదు పాయింట్ల బాపతే. స్పానిష్ మొదటి రెండేళ్ళూ అంతే, కానీ తప్పదు. మధ్యాహ్నం లంచ్‌కు అసలు పాయింట్లే లేవు. ఆ ముప్పై నిమిషాల గురించి జిల్లా బోర్డుకు ఇంతవరకు ఎవరూ రాయకపోవడం ఆశ్చర్యం.

కవలలున్నవాళ్ళు ఇద్దరినీ ఒకే బడిలో వేయకండి. అన్నం ఒకే కంచంలో పెట్టండి, ర్యాంకు మాత్రం వేరే కంచం.

ఇంత చేసినా పోటీ తగ్గకపోతే పెద్ద అడుగు వేయాలి. రేటింగ్ పది ఉన్న పేటలో పాప ముందు వందమంది ఉంటారు. అందులో అరవైమంది ఇంటిపేర్లు మీకు తెలుసు. ఆ పేరంటాలన్నీ వదిలేసి మార్ఫాకు వెళ్ళిపోండి. పశ్చిమ టెక్సాస్‌లో, డల్లాస్ నుంచి ఏడెనిమిది గంటల డ్రైవ్. ఎడారి గాలి బాగుంటుంది, రాత్రిపూట దూరంగా వెలిగే వింత దీపాలు చూడటానికి జనం వస్తారు. హైస్కూలు బ్యాచ్‌లో ముప్పై మంది కూడా ఉండరు. కరివేపాకు కోసం మూడు గంటలు నడిపి ఎల్‌పాసో వెళ్ళండి, దొరుకుతుందేమో. రిమోట్‌గా పని చేస్తానని మీ మేనేజరుకు చెప్పండి.

చిన్న చిక్కు ఒకటుంది. ఇరవైమందిలో ఐదు శాతం అంటే ఒక్కరు. ఆ ఒక్కరి స్థానంలో ఇప్పటికే ఒక రాంచ్ పిల్ల ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి దూడలకు మేత వేసి, బడికి వచ్చి కాల్క్యులస్ చేసి, సాయంత్రం వాలీబాల్ ఆడి, ఆదివారం చర్చిలో పియానో వాయిస్తుంది. ఇర్మా రాంగెల్ బిల్లు రాసింది సరిగ్గా ఆ పిల్ల కోసమే. బడిలో మొదటి ర్యాంకు వస్తే ప్రభుత్వ యూనివర్సిటీల్లో మొదటి ఏడాది ట్యూషన్ ఫీజు మినహాయింపు కూడా ఉంది, ఆ ఇంటికి అది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. అయినా పోటీ పోటీయే. మీ పాప సామాను దించుతుంటే ఆ పిల్ల వచ్చి మొహమాటం లేకుండా సాయం చేస్తుంది. స్నేహం చేయనివ్వకండి.

ఊరు మారాలంటే భయపడేవాళ్ళకు ఒక ధైర్యం చెబుతాను. ఈ చట్టం వచ్చాక ర్యాంకు కోసం టెక్సాస్ కుటుంబాలు బడులు మార్చాయని 2013లో ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక పరిశోధనలో చూపించారు. అయితే ఆ జనం ఎడారికి పోలేదు. పోటీ ఎక్కువున్న మాగ్నెట్ స్కూలు మానేసి, ఇంటి దగ్గరి మామూలు బడిలోనే పిల్లను ఉంచారు, అంతే. ఈ పద్ధతిలో కష్టం లేదు, ఖర్చు లేదు, పిల్లకు నిద్ర కూడా సరిపోతుంది. అందుకే నేను దీన్ని సిఫారసు చేయను.

కాలిఫోర్నియాలో మీ బావగారు ఫోన్ చేసి అక్కడి సంగతులు చెబితే వినండి, నమ్మకండి. అక్కడ ప్రతి బడిలో పై తొమ్మిది శాతానికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఎక్కడో ఒకచోట సీటు అంటారు. ఆ ఎక్కడో ఒకచోట సాధారణంగా బర్కిలీ కాదు, 2005లో తెరిచిన మెర్సెడ్. పైగా వాళ్ళు ఎస్ఏటీ మార్కులే చూడరు. మీ బడిలో ఏ క్లాసులు ఉన్నాయి, ఉన్నవాటిలో నువ్వేం చేశావు అని అడుగుతారు. నాలుగు చిన్న వ్యాసాల్లో పిల్ల తన గురించి తానే రాసుకోవాలట. ఇంత లోతుగా ఆరా తీసే సంబంధం మనకొద్దు.

మళ్ళీ మన ఆస్టిన్‌కు వద్దాం. టాప్ ఫైవ్ వచ్చింది అనుకోండి, పండగ చేసుకోండి. ఫ్రిస్కో హనుమంతుడి గుళ్ళో వడమాల వేయించండి. ఈ దశలో పాపకు చెప్పకూడని సంగతి ఒకటుంది. చట్టం హామీ ఇచ్చేది యూనివర్సిటీలో సీటు, కోరుకున్న మేజర్‌లో కాదు. కంప్యూటర్ సైన్సు, ఇంజనీరింగు, బిజినెస్ కోసం వ్యాసాలూ, చేసిన పనులూ, ఎస్ఏటీ అన్నీ చూసి విడిగా ఏరుకుంటారు. అంటే ర్యాంకు కోసం మనం ఏవైతే మాన్పించామో అవే అడుగుతారు. కంగారు పడకండి. ఏదో ఒక మేజర్ పెట్టి, లోపలికి వెళ్ళాక కంప్యూటర్ సైన్సుకు మారిపోవచ్చని అందరికీ చెప్పండి. అలా మారడానికి సీట్లు బహు తక్కువని యూనివర్సిటీ వాళ్ళే చెబుతారు, కానీ వాళ్ళకు మనవాళ్ళ పట్టుదల తెలియదు. దరఖాస్తులో ఫిలాసఫీ పెట్టండి. చిన్నప్పటి నుంచి ఫిలాసఫీ అంటే ప్రాణమని పాప చేత వ్యాసం రాయించండి. రాస్తూ రాస్తూ పాపకు నిజంగానే దాని మీద ఇష్టం పుడితే నా బాధ్యత లేదు.

టాప్ ఫైవ్ రాలేదు, ఏడు శాతం దగ్గర ఆగింది అనుకోండి. పై పది శాతంలో ఉన్న పిల్లకు టెక్సాస్ ఏ అండ్ ఎం నుంచి మిగతా ప్రభుత్వ యూనివర్సిటీలన్నీ ఇప్పటికీ తలుపు తెరిచే ఉంచాయన్న మాట ఇంట్లో వినిపించకూడదు. ముఖ్యంగా రిచర్డ్‌సన్‌లోని యూటీ డల్లాస్ పేరు ఎత్తకండి. దాన్ని మొదలుపెట్టింది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్థాపకులే కావచ్చు, మీరు ఎమ్మెస్ చేసి ఉద్యోగం తెచ్చుకుని ఈ ఇల్లు కొన్నదీ ఆ డిగ్రీతోనే కావచ్చు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు.

ఆస్టిన్ వాళ్ళు ఉత్తరం రాసి, మొదటి ఏడాది మా ఇంకో క్యాంపస్‌లో చదివి, 30 క్రెడిట్లు పూర్తిచేసి 3.2 తెచ్చుకుంటే ఆస్టిన్‌కు తీసుకుంటామని చెబితే, దాన్ని క్యాప్ అంటారు. పాప మొహం వెలిగితే వెంటనే ఆర్పేయండి. అయితే ఊళ్ళో చెప్పడానికి ఈ ఏర్పాటు అంత బాగా కుదిరేది ఇంకోటి లేదు. ఆర్లింగ్టన్‌లో ఉన్నదీ యూటీయే, శాన్ ఆంటోనియోలో ఉన్నదీ యూటీయే. ఎక్కడ వచ్చిందని ఎవరైనా అడిగితే "యూటీ అండి" అని ఆపేసి, సాంబారు గిన్నె అందించండి. ఆస్టిన్ అన్న ముక్క వాళ్ళే చేర్చుకుంటారు. ఏ యూటీ అని రెట్టించి అడిగే మనిషి తగిలితే, వాళ్ళబ్బాయి ఏ మేజర్ అని మీరు అడగండి.