బందరు సమాధిరాయి ఆత్మకథ

నేను బందరులోని డచ్చివారి సమాధుల దొడ్డిలో పరిచి ఉన్న నల్లరాయిని. నా మీద డచ్చి భాషలో ఒక మనిషి పేరు, అతను పోయిన తేదీ, పైన ఆ వంశపు గుర్తు ఉబ్బెత్తు చెక్కడంగా ఉన్నాయి. అక్షరాన్ని లోపలికి తవ్వడం తేలిక. చుట్టూ ఉన్న రాతినంతా దించి అక్షరాన్ని పైకి నిలపడానికి మాత్రం ఎన్నో రెట్లు కూలీ పడుతుంది. అంత ఖర్చు పెట్టగల వర్తకులు ఈ ఉప్పునేల మీద ఏం సంపాదించారన్నది నన్ను చూసినవారికి రావలసిన మొదటి ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర సగమే ఉంది. మిగతా సగం పెడనలో, బందరుకోటలో, దివిసీమ మడ అడవుల్లో ఉంది. అందుకే నా వాదన ఒక్కటే. బందరు పూట గడిపి వెళ్లే ఊరు కాదు, రెండు రాత్రులు ఉండి చూడవలసిన ఊరు. ఇక్కడ చరిత్రను, ప్రకృతిని, కాలక్షేపాన్ని విడదీసి చూస్తే మూడూ అర్థం కావు.

నన్ను చెక్కించినవారి కంపెనీ 1602లో పుట్టింది. కొద్ది ఏళ్లకే గోల్కొండ సుల్తాను ఫర్మానా తీసుకుని బందరులో వర్తకస్థానం పెట్టింది. ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, జాజికాయ, లవంగాలు కొనాలంటే అక్కడివారు వెండికన్నా కృష్ణా తీరపు అద్దకం గుడ్డలనే ఎక్కువగా అడిగేవారు. అందుకే మసాలాల కోసం బయలుదేరిన ఓడలు ముందు బట్టల కోసం ఈ రేవులో లంగరు వేశాయి. 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చారు. ఆ మూడు జాతుల పేరిట వెలసిన వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ బందరువాళ్ల నోట రోజూ నలిగే పేర్లే. ఇదే డచ్చి కంపెనీ 1652లో ఆఫ్రికా దక్షిణపు కొసన, కేప్ దగ్గర, ఓడలకు నీళ్లూ కూరగాయలూ అందించే మజిలీ కట్టింది. అక్కడ స్థిరపడిన ఐరోపావారి సంతతే ఆఫ్రికానర్లు. వాళ్ల చిన్న ఊళ్లకు ఇవాళ దేశదేశాల నుంచి జనం వెళుతున్నారు. 1786లో వెలసిన గ్రాఫ్ రైనెట్‌లో పాత ఇళ్ల వీధులు చూసి, ఊరిని చుట్టుకుని ఉన్న కాందెబూ జాతీయవనంలో తిరిగి, రాత్రికి అక్కడే పడుకుంటారు. ఊరు, అడవి, విశ్రాంతి అక్కడ ఒకే ప్రయాణం. అదే కంపెనీ అడుగుపెట్టిన బందరుకు మాత్రం మనవాళ్లు మంగినపూడి సముద్రతీరంలో మునక వేసి, తొక్కుడు లడ్డు కట్టించుకుని, పొద్దుగూకేలోగా బెజవాడ బస్సెక్కడానికే వస్తారు.

‘అక్కడ వీధులకు వీధులు మిగిలాయి, బందరులో ఏముంది? పేరు గొప్ప ఊరు దిబ్బ’ అని అనేవారున్నారు. బందరు చితికిన మాట నిజం. 1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన ఊరి మీద పడి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. కోటలో మిగిలినవి కొన్ని గోడలు, ఆయుధాగారపు శిథిలం, గంటస్తంభం. కానీ ఆఫ్రికానర్ల ఊరు టుల్బాగ్ కూడా 1969 సెప్టెంబరు 29న భూకంపానికి కూలింది. చర్చి వీధిలోని 32 పాత ఇళ్లను అక్కడివారు మళ్లీ నిలబెట్టుకున్నారు. దెబ్బ తిన్న ఊరు చూడదగనిదైపోదని అదే రుజువు. పైగా బందరు వారసత్వం గోడల్లో కన్నా చేతుల్లో ఎక్కువ మిగిలింది. ఓ పది కిలోమీటర్ల దూరంలోని పెడనకు వెళ్లండి. గుడ్డను కరక్కాయ రసం, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం ఊరేసిన నీళ్లలో టేకు అచ్చును తడిపి అద్దితే, కరక్కాయ తగిలిన గుడ్డ మీద ఆ గీత నల్లబడుతుంది. పటిక అద్దిన చోట అప్పటికి రంగేమీ కనబడదు. కాలువలో జాడించి, ఎర్రరంగు వేళ్లు వేసిన రాగి కాగులో ఉడికించినప్పుడే పటిక పడిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. మా దొరలు ఓడలకెత్తిన సరుకు వెనక ఉన్న విద్య ఇదే. కట్టడాన్ని నకలు చేసి మళ్లీ కట్టవచ్చు, ఈ చేతివాటం ఒక తరం తెగితే మళ్లీ రాదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. దోచుకోవడానికి వచ్చినవాడి సమాధిని మనం ఎందుకు కాపాడాలి, ఎందుకు చూడాలి? అడగవలసిన ప్రశ్నే. ఈ కంపెనీ బట్టలే కాదు, మనుషులనూ కొన్నది. కరువుకాలంలో కోరమండల్ తీరాన అమ్ముడుపోయినవారిని ఓడల్లో కుక్కి ఇండోనేషియాలోని బటేవియాకూ కేప్‌కూ బానిసలుగా తరలించింది. ఇప్పుడు యాత్రికులు మెచ్చుకునే ఆ తెల్లటి ఊళ్ల పొలాల్లో, వంటిళ్లలో చాకిరీ చేసినవారిలో మన తూర్పు తీరపు మనుషులూ ఉన్నారు. వాళ్లకు ఉబ్బెత్తు అక్షరాల రాయి కాదు కదా, మట్టిదిబ్బ కూడా గుర్తుగా లేదు. అందుకే నన్ను పగలగొడితే వాళ్లకు న్యాయం జరగదు. ఉన్న ఒక్క సాక్షీ పోతుంది. నన్ను భక్తితో చూడమని నేను అడగడం లేదు, నిలదీయమంటున్నాను. గుడ్డ నేసినవాడి పేరు, రంగు అద్దినవాడి పేరు, ఓడెక్కిన బానిస పేరు ఎక్కడని నా ముందు నిలబడి అడిగితే, ఆ యాత్రకు అర్థముంటుంది.

ఇక ప్రకృతి మాట. రేవును నిలిపిందీ సముద్రమే, ముంచిందీ సముద్రమే. కనుక తీరాన్ని చూడనివారికి బందరు చరిత్ర సగమే తెలిసినట్టు. కృష్ణ రెండు పాయలుగా చీలి పెంచిన లంక దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ నీరు పాయను దాటి వెళ్లి ఆ సీమ పొలాలు తడుపుతుంది. నాగాయలంకలో పడవెక్కవచ్చు, హంసలదీవిలో వేణుగోపాలస్వామిని దర్శించి కృష్ణమ్మ కడలిలో కలిసే చోటును చూడవచ్చు. అక్కడి కృష్ణా అభయారణ్యంలో మడ, తిల్ల చెట్లు బురదలో వేళ్లు దిగేసి నిలబడ్డాయి. చేపలు పట్టి తినే బావురుపిల్లి అక్కడే బతుకుతుంది. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఈ సీమ వేలమందిని పోగొట్టుకుంది. అల వేగాన్ని విరిచే మడచెట్లకు ఇక్కడ ఎంత విలువుందో ఆ తేదీ తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

‘జనం పెరిగితే ఆ అడవి కూడా పాడవుతుంది’ అంటారా? పాడుచేసేది రాక కాదు, వచ్చే తీరు. ఒక్క పూటకు బండ్ల మీద విరుచుకుపడే గుంపు ప్లాస్టిక్ వదిలి పోతుంది, ఊరికి పెద్దగా రూపాయి మిగల్చదు. రెండు రాత్రులు ఉండేవాడు స్థానిక పడవవాడికి, భోజనహోటలుకు, అద్దకం పనివాడికి డబ్బిచ్చి వెళతాడు. అడవి నిలిస్తేనే తమకు బతుకుతెరువన్నది అప్పుడు ఊరికి లెక్కల్లో కనబడుతుంది. అయితే ఇందుకు హద్దులు కావాలి. పడవలకు లెక్క ఉండాలి, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రిళ్లు ఇసుక మీద దీపాలూ డీజేలూ ఉండకూడదు. కొత్త ఓడరేవు పనులు సాగుతున్న ఈ రోజుల్లో ఆ హద్దులు ఇప్పుడే గీసుకోవాలి.

దారి కష్టమేమీ కాదు. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలుంది. గుడివాడలో దిగితే బౌద్ధుల కాలపు దిబ్బను చూడవచ్చు, ఘంటసాలలో మహాచైత్యం, మ్యూజియం ఉన్నాయి, కూచిపూడి ఆ చాయల్లోనే ఉంది. తుపాన్ల నెలలు దాటాక, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఒక రోజు ఊరికీ కోటకూ పెడనకూ, ఒక రోజు దివిసీమకూ కేటాయించండి. సముద్రస్నానం, లడ్డు ఎలాగూ ఉంటాయి. పురావస్తుశాఖ వారికి, పురపాలక సంఘం వారికి నా మనవి ఒక్కటే: మా దొడ్డి దగ్గర మా దొరల పేర్లను తెలుగులో రాసి పెట్టండి, ఆ పక్కనే వాళ్ల సరుకును నేసి, అద్ది, మోసినవారి సంగతి కూడా రాయండి.