గోడెక్కిన బొంత

పాత చీరలు, పంచెలు, చొక్కాలు పొరలుగా పేర్చి, సూదీదారంతో కలిపి కుట్టిన పరుపు బొంత. నేల మీద పరిస్తే దాని పేరు బొంత. గోడకు తగిలిస్తే క్విల్ట్. పైన గవ్వలు, బొత్తాలు, కాగితాలు కూడా చేరితే మిక్స్‌డ్ మీడియా. రాజకీయాల్లో ‘అతుకులబొంత’ తిట్టు. ఈ రంగంలో అదే పొగడ్త. అరవై దాటాక, గురువు లేకుండా ఈ విద్యలోకి దిగేవారిని స్వయంకృషి కళాకారులంటారు. ఇంట్లోవాళ్లు అనేది వేరు.

దీనికి అర్హతలు మూడు: పదవీ విరమణ, దగ్గరి చూపు కళ్లద్దాలు, తలుపు తీస్తే గుడ్డలు మీద పడే బీరువా. మూడోది ఉంటే మొదటి రెండూ వాటంతటవే వస్తాయి.

శంషాబాద్ ఈ విద్యకు అనువైన చోటు. 2008 మార్చి 23న ఇక్కడ విమానాశ్రయం మొదలయ్యాక ముడిసరుకు ఆకాశం నుంచి దిగుతోంది. అమెరికా నుంచి వచ్చిన పిల్లల సూట్‌కేసులకు ‘హెచ్‌వైడి’ అని అచ్చేసిన పట్టీలుంటాయి. అవి చేత్తో లాగితే చిరగవు, సూదికి మాత్రం లొంగుతాయి. జరీ అంచులకు లాడ్‌బజార్ ఉంది. అద్దాలు, గవ్వలు గుడ్డ మీద ఎలా నిలుస్తాయో తెలియాలంటే రంగారెడ్డి జిల్లా తండాల్లో లంబాడీ స్త్రీల పేటియా (లంగా), కాంచళి (రవిక) చూస్తే చాలు. అయితే స్వయంకృషి వారు అడిగి నేర్చుకోరు. అద్దం మూడుసార్లు ఊడిపడ్డాక నేర్చుకుంటారు.

మొదటి దశ కత్తిరింపు. “అత్తమ్మా, నా చున్నీ కనవడ్తలేదు” అన్న మాట ఈ దశలోనే వినిపిస్తుంది. రెండో దశ తడపడం. రంగు దిగే ఎర్రగుడ్డను ముందే ఉతక్కపోతే తెల్లపంచె గులాబీ అవుతుంది. దాన్ని ప్రయోగం అనాలి. మూడోది కుట్టు. పొరలు ముడతపడకుండా నడిమి నుంచి అంచుకు కుట్టమని క్విల్ట్ పుస్తకాలు చెబుతాయి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ స్త్రీలు అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. స్వయంకృషి వారు సూది దొరికిన చోట మొదలుపెడతారు.

ఆలస్యంగా మొదలుపెట్టినవారికి పూర్వీకులు లేకపోలేదు. ఇంగ్లండులో మేరీ డెలానీ 72 ఏళ్ల వయసులో రంగుకాగితాలు కత్తిరించి పూలు అతికించడం మొదలుపెట్టి, చూపు మందగించేలోపు సుమారు 985 చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అమెరికాలో గ్రాండ్‌మా మోజెస్ కీళ్లనొప్పులకు సూది పట్టలేక, డెబ్బై దాటాక కుంచె పట్టింది. 101 ఏళ్లు బతికింది. మోకాళ్లనొప్పులవల్ల కళ పుట్టినట్టు దాఖలా లేదు గానీ, కూర్చునే వీలు మాత్రం దొరుకుతుంది.

కూతుర్ని చూడ్డానికి విమానమెక్కే కళాకారులకు ఒక జాగ్రత్త: మొనదేలిన కత్తెర చేతిసంచీలో ఉంటే తనిఖీ దగ్గరే కళాయాత్ర ముగుస్తుంది.

పూర్తయిన బొంత ముందుగదిలో గోడెక్కుతుంది. దాని మీద ఎవరూ కూర్చోకూడదు, చేతులు తుడవకూడదు. ఈ నియమం డిసెంబరు దాకా చెల్లుతుంది. ఊరి బయటి చలికి, తెల్లవారుజాము విమానం కోసం వచ్చిన చుట్టాలకు, ఇంట్లోని దుప్పట్లు చాలవు. బొంత కిందికి దిగుతుంది. మర్నాడు మళ్లీ మేకు ఎక్కేటప్పటికి దాని మీద కొత్తగా ఒక చాయ్ మరక ఉంటుంది. దాని చుట్టూ గుండ్రంగా కుట్టు వేస్తే అదీ మిక్స్‌డ్ మీడియాయే.