తాబేలుకు పురుడు పోయడం ఎలా?

ఏటా జనవరి వచ్చిందంటే కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మార్చి దాటేదాకా వస్తూనే ఉంటాయి. పాపం, రావడం అర్ధరాత్రి, చీకట్లో, తోడెవరూ లేకుండా! నిండు చూలాలు అలా ఒంటరిగా వచ్చి కని వెళ్లిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం మన ఇంటా వంటా లేదు. కాస్త తీరికా, మంచి టార్చిలైటూ, అంతకన్నా మంచి మనసూ ఉన్నవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు.

ముందు ఆ చోటు సంగతి. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను సముద్రం ఉత్తరానికి తోసుకుంటూ పోగా గత రెండు వందల ఏళ్లలో లేచిన సన్నటి ఇసుక దిబ్బ అది. దాని చాటున ఉంది కాబట్టే కాకినాడ రేవులో నీళ్లు కుదురుగా ఉంటాయి. పెద్ద అలలేవైనా ముందు దాని వీపు మీద విరగాల్సిందే. దక్షిణాన కోరంగి మడ అడవి. 1978లో అభయారణ్యం చేశారు. అందులో బావురుపిల్లులూ నీటికుక్కలూ ఉంటాయిగానీ అవి ఫొటోకి నిలబడవు, వదిలేయండి. తాబేలైతే నెమ్మదస్తురాలు, పారిపోలేదు. మన పని దానితోనే.

అభయారణ్యంలో అడుగు పెట్టాలంటే అనుమతి కావాలంటుంది 1972 నాటి వన్యప్రాణి చట్టం. అడిగితే కదా కాదనేది! అడక్కండి. పడవ సరంగు మాత్రం గొణుగుతాడు.

"రాత్రేళ వద్దండి బాబూ, తాబేళ్లు ఒడ్డెక్కే రోజులండి."

"అందుకే కదయ్యా వెళ్లేది!"

"లైటు చూస్తే ఎనక్కి మళ్లిపోద్దండి. గుడ్లు కడుపులోనే ఉండిపోతాయండి. ఆయ్."

వాళ్లకి చదువు లేదు కాబట్టి అలాగే మాట్లాడతారు. మీరు మటుకు అలల అంచునే కాపు కాయండి. నీళ్లలోంచి తల పైకి పెట్టగానే ముఖం మీద లైటు కొట్టండి. వెనక్కి తిరిగి సముద్రంలోకి పోయిందా, సిగ్గు పడిందని అర్థం. ఇంకొకటి వస్తుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక అది పక్కన ఏం జరుగుతున్నా అంతగా పట్టించుకోదు. అందుకే చూడదలచినవాళ్లు అప్పటిదాకా దూరంగా చీకట్లో కదలకుండా కూర్చోవాలని తాబేళ్ల గురించి తెలిసినవాళ్లు చెబుతారు. చీకట్లో కదలకుండా కూర్చోవడానికి కాకినాడ నుంచి పడవ మాట్లాడుకుని రావాలా? ఇంట్లో కరెంటు పోయినప్పుడు కూర్చోవచ్చు.

అదృష్టం కొద్దీ ఒకటి పైదాకా వచ్చిందనుకోండి. వెనక కాళ్లతో, ఒకటి మార్చి ఒకటిగా, చెంచాతో తోడినట్టు ఇసుక తోడుతుంది. అడుగున్నర లోతు కుండలాంటి గుంట కోసం అంత అవస్థ! పలుగో పారో తీసుకెళ్లి సాయం పట్టండి. అందులో వందకు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. అప్పుడు దాని కళ్లలోంచి నీళ్లు కారతాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరున్న గ్రంథులు అలా బయటికి పంపుతాయని పుస్తకాల్లో ఉంది. మీరు నమ్మకండి. అవి కృతజ్ఞతతో కార్చే కన్నీళ్లు. జేబురుమాలుతో తుడిచి, పిల్లాడిని డొప్ప మీద కూర్చోబెట్టి ఫొటో తీయండి. ఆ తర్వాత అది గుంట పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో డబడబ ఇసుకను తట్టి గట్టి చేస్తుంది. స్పీకరు పెట్టుకోవలసింది ఇక్కడే.

ఇక గుడ్లు. వీటి విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకి బాగా పనికొచ్చే సంగతి ఉంది. పుట్టేది ఆడో మగో తాబేళ్లలో తేల్చేది గూటిలోని వేడి. అటూ ఇటూగా 30 డిగ్రీల దగ్గర ఒక గీత ఉంది. ఇసుక అంతకన్నా కాగితే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువగా మగపిల్లలు. భూమి వేడెక్కుతోంది, ఇలాగే సాగితే గూళ్లన్నీ ఆడపిల్లలతో నిండిపోతాయని శాస్త్రవేత్తలు బెంగపడుతున్నారు. వారసుడి కోసం గుళ్లూ గోపురాలూ, దొంగ స్కానింగులూ తిరిగే జాతి మనది, ఇంత సులువైన మార్గం దొరికితే వదులుతామా? గూటి మీద పందిరి వేయండి. పొద్దునా సాయంత్రం బిందెడు మంచినీళ్లు పోయండి. ఇంకా నమ్మకం కుదరకపోతే గుడ్లు తవ్వి తీసి నీడకు మార్చండి. పెట్టిన కొద్ది గంటల్లోనే, తిరగబడకుండా, అదే లోతులో పెట్టి మార్చాలని, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే లోపల పెంకు పొరకు అతుక్కున్న పిండం చచ్చిపోతుందని హేచరీల్లో పనిచేసేవాళ్ల చాదస్తం. మీరు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, అన్ని వైపులా తిప్పి చూసి, లెక్క పెట్టి మరీ సర్దండి. పిల్లలు రాకపోతే వాటి రాత.

తిన్న బిరియానీలో మిగిలింది పారబోయకండి, పాపం తగులుతుంది. గూళ్ల పక్కనే పెడితే కుక్కలూ నక్కలూ తింటాయి. వాసన పట్టి వచ్చినవి ఎలాగూ ఇసుక కూడా తవ్వుకుంటాయి.

ఏడెనిమిది వారాలకు పిల్లలు పైకి వస్తాయి. అన్నీ ఒక్కసారే, రాత్రిపూట, ఇసుక చల్లబడ్డాక. అరచేతిలో పట్టేంత ప్రాణాలు. ఎటు వెలుతురుంటే అటు నడుస్తాయి. చీకటి తీరంలో సముద్రమే కాస్త తెల్లగా కనిపిస్తుంది కాబట్టి కాళ్లు అటే పోతాయి. ఆ మాత్రం వెలుతురు ఎలా సరిపోతుందండీ? వెనకాల సరుగుడు తోపు దగ్గర చలిమంట వేయండి. గునగునా మీ దగ్గరికే వచ్చేస్తాయి, వాటికి మీరంటే ఎంత ప్రేమో మీకే తెలుస్తుంది. వచ్చినవాటిని బకెట్టులో మంచినీళ్లు పోసి ఉంచండి, ఉదయం ఎండలో వీడియో బాగా వస్తుంది. పుట్టిన మొదటి రోజు ఆగకుండా లోతుకు ఈదిపోవడానికే వాటి ఒంట్లో బలం దాచి ఉంటుందట. ఆ ఈతేదో బకెట్టులోనే ఈదుతాయి. వెయ్యింటికి ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు. ఆ ఒక్కటీ మీ బకెట్టులో లేదని ఎవరు రుజువు చేస్తారు?

పొద్దున్నే ఒడ్డున చచ్చిన పెద్ద తాబేళ్లు కనిపించవచ్చు. తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో బతికేది. గంటల తరబడి ఈడ్చే మరబోటు వలలో చిక్కితే పైకి తేలలేక ఉక్కిరిబిక్కిరై చస్తుంది. వలలో కమ్మీల చట్రం బిగించి పైనో కిందో దారి వదిలితే తప్పించుకుంటుంది. టెడ్ అంటారు దాన్ని. ఆ దారిలోనే చేపలూ రొయ్యలూ జారిపోతాయని బోటు యజమానుల బాధ. మీరు ఈ గొడవలోకి దిగకండి. మొహం దిగులుగా పెట్టి ఫొటో తీసి, కింద 'కాలుష్యం' అని రాసేయండి. చేతి తెడ్డు వేసుకుని వెళ్లే ముసలాయన కనిపిస్తే ఆయన్ని నాలుగు తిట్టండి. తర్వాత రేవులో దిగి రొయ్యల ఇగురు తినండి.

గార్డు ఎదురైతే కంగారు పడవద్దు. తాబేలు మొదటి షెడ్యూలులో ఉందనీ, మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలనీ చదువుతాడు. "నేనెవరో తెలుసా?" అనండి. తెలియదంటే, మీ బావమరిది ఎవరో చెప్పండి.

చివరగా, కాస్త ముందుచూపు అవసరం. ఈ రోజు సముద్రంలోకి వెళ్లిన ఆడపిల్ల పదీ పదిహేనేళ్లకు పురిటికి ఈ తీరానికే తిరిగి వస్తుంది. ఇంత సన్నటి దిబ్బను చీకట్లో ఎలా గుర్తుపడుతుంది? ఇప్పటి నుంచే అర్జీలు పెట్టి ఫ్లడ్ లైట్లు వేయించండి, ఒడ్డు కోసుకుపోకుండా బండరాళ్లు పోయించండి, పైన ఓ స్వాగత ద్వారం కట్టించండి. బోర్డు రెండు భాషల్లో రాయించండి. శ్రీలంక దాకా తిరిగే జీవాలు, తెలుగు మరిచిపోయి ఉండొచ్చు.